టాలన్‌బిల్లా పెద్ద రొట్టె

సొంత ఊరి దుకాణాలను ప్రాణప్రదంగా ప్రేమించే పట్టణాలలో టాలన్‌బిల్లాకు సాటి వచ్చేది ఈ ఖండంలో మరొకటి లేదని వరద పునరుద్ధరణ సంఘం వారి నివేదిక సవినయంగా తెలియజేస్తున్నది. ఆ ప్రేమకు నిదర్శనంగా ఊరి మొగదల మూడంతస్తుల మేడంత రొట్టె విగ్రహం ఒకటి నిలిచి ఉన్నది. ఊళ్లో రొట్టెల దుకాణం మాత్రం లేదు. ఇది పైకి వైరుధ్యంగా కనిపించవచ్చు గాని, జరిగిన క్రమం తెలిసినవారికి ఇంతకంటె సహజమైన పరిణామం మరొకటి తోచదు.

ఆ క్రమాన్ని మావిస్ ట్రెలోర్ కంటె దగ్గరగా చూసినవారు లేరు. ఊరు తలపెట్టిన మహాయజ్ఞానికి ఆమెనే పీట మీద కూర్చోబెట్టారు. యజ్ఞపశువును వేరే వెతికే శ్రమ లేకుండా ఆ బాధ్యతను కూడా ఆమెకే అప్పగించారు.

తాత కట్టిన ఇటుక పొయ్యి, తండ్రి నేర్పిన చేతివాటం, తాను స్వయంగా సంపాదించుకున్న మోకాళ్ల నొప్పి, వీటి ఆధారంగా మావిస్ ప్రధాన వీధిలో రొట్టెలు కాల్చి అమ్మేది. పులిసిన పిండితో చేసే ఆమె గుండ్రని రొట్టెలూ, మాంసం కూరిన పైలూ ఊళ్లో ఎవరి నోటికీ కొత్తవి కావు. ఆ ఏడు శరత్కాలంలో నదికి వరద వచ్చి వంతెనను ఎత్తుకుపోగా, టాలన్‌బిల్లా ద్వీపమైంది. మావిస్ దుకాణం మెరకలో ఉండడం వల్ల నీరు గడప దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని కొంతసేపు తర్కించుకుని వెనుదిరిగింది. దారి తెగిన ఆ వారాలన్నీ ఆమె పొయ్యి ఆరలేదు. రబ్బరు బూట్లు తొడుక్కుని ఊరంతా బురదలో బారులు తీరింది. కొనగలవారు కొన్నారు, ఇల్లు మునిగినవారికి ఆమె ఊరికే ఇచ్చింది. వేడి రొట్టె చేతికి అందగానే కళ్లు చెమర్చనివారు లేరు. నువ్వే లేకపోతే మా గతి ఏమయ్యేదని ఒకరు తప్పకుండా అందరూ అన్నారు.

సైనికులు వచ్చి తాత్కాలిక వంతెన వేసిన మరునాటి ఉదయం ఊళ్లోని కార్లన్నీ ఆ వంతెన దాటి, గంట ప్రయాణంలో ఉన్న పెద్ద ఊరి సూపర్ మార్కెట్‌కు బయలుదేరాయి. వంతెన ఎంత బరువు మోయగలదో పరీక్షించడానికే వెళ్లామని తరువాత కొందరు పెద్దమనుషులు వివరణ ఇచ్చారు. నమ్మకపోవడానికి కారణం లేదు. ఆ పరీక్ష వారం వారం శ్రద్ధగా కొనసాగింది.

మావిస్ పక్క దుకాణం క్లెమ్ ఓట్‌వేది, మాంసం కొట్టు. బడిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నవారు. గిరాకీ లేని ఆ ఉదయం క్లెమ్ బయటి బెంచీ మీద కాళ్లు చాపుకుని, దాటిపోతున్న కార్ల వరుసను చూస్తూ అన్నాడు: "చూశావుటే మావిస్, మనల్ని బాగుచెయ్యాలంటే గవర్నమెంటు అక్కర్లేదు. ఇంకో వరదొస్తే చాలు."

మావిస్ నవ్వింది. చలికాలం దాటేలోగా పాత గిరాకీలో సగమైనా తిరిగి రాకపోతే తాత వెలిగించిన పొయ్యి తన చేతులతోనే ఆర్పవలసి వస్తుందని ఆమెకు తెలుసు. క్లెమ్‌కు తెలుసు. ఊరికి మాత్రం తెలియదు. ఏలనగా ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "పర్లేదు" అని చెప్పడం టాలన్‌బిల్లా ఆచారం. ఇల్లు కూలినా, కాలు విరిగినా ఆ జవాబు మారదు. వేదానికైనా శాఖాభేదాలు ఉన్నాయి గాని ఈ జవాబుకు లేవు.

ఈ పరిస్థితులలో ఊరి దుకాణాల రక్షణార్థం పునరుద్ధరణ సంఘం అవతరించింది. అధ్యక్షులు డెస్మండ్ హావర్లీ. పూర్వాశ్రమంలో గొర్రెల సంతలో వేలంపాట పాడినవారగుటచే, సభలో ఏ మాట అన్నా ఎవరో ఒకరు చెయ్యి ఎత్తే వరకు ఆపేవారు కారు. తొలి సభకు ఆహ్వానపత్రం అడుగున, వచ్చేవారు తలా ఒక పళ్లెం తెచ్చుకోవలెనని మామూలు ప్రకారం రాశారు. పళ్లెం అంటే ఖాళీ పళ్లెం కాదనీ, దాని నిండా నలుగురు తినదగినది ఏదో ఒకటి ఉండాలనీ ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం సభామందిరంలోని పొడవాటి బల్ల పళ్లెములతో క్రిక్కిరిసింది. సూపర్ మార్కెట్ డబ్బాలలోంచి తీసి, అమ్మమ్మల నాటి పింగాణీ పళ్లాలలో అందంగా పేర్చిన బిస్కెట్లు, కేకులు, సమోసాలు సహితంగా అక్కడ లేనిది లేదు. మావిస్ తన దుకాణం నుంచి ఒక తట్టెడు పైలు తెచ్చింది. అవే ముందుగా అయిపోయాయి.

అధ్యక్షుల ఉపన్యాసం చీకటి పడేదాకా సాగింది. దుకాణం ఊరికి వెన్నెముక అన్నారు, ఊపిరి అన్నారు, గుండె అన్నారు; శరీరంలో ఇంకేమీ మిగలనందున ఆగారు. తరువాత దుకాణదారుల పక్షాన ఎవరైనా మాట్లాడాలని కోరగా, క్లెమ్ మోచేతి పోటుతో మావిస్ లేచి నిలబడింది. ఊరి ఆచారాన్ని అతిక్రమించడం ఆమెకు అదే మొదలు, చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు చందాలేం వద్దు, డెస్. ఎవరింటికి కావాల్సిన రొట్టె వాళ్లు నా దగ్గర కొనుక్కుంటే చాలు. అంతే."

సభలో చప్పట్లు మిన్నంటాయి. అధ్యక్షులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత ఉదాత్తమైన వాక్యం ఈ మందిరంలో ఎన్నడూ వినలేదని అందరూ ఒప్పుకున్నారు. దానిలోని మొదటి సగాన్ని, అనగా చందాలు వద్దన్న భాగాన్ని, ఏకగ్రీవంగా ఆమోదించారు. రెండవ సగాన్ని కుదించి బనీన్ల మీద అచ్చు వేయించాలని తీర్మానించారు.

బనీన్లు త్వరలోనే ఓడ దిగాయి. ఊళ్లోని అచ్చాఫీసు చెప్పిన ధరకంటె సముద్రాల అవతలి కర్మాగారం చెప్పినది చవక కాగా, ప్రజాధనాన్ని పొదుపుగా వాడడం సంఘానికి ధర్మం. "మన రొట్టె మన ఊళ్లోనే" అని రొమ్ము మీద బంగారు రంగు అక్షరాలు. కార్ల వెనుక అద్దానికి అంటించుకొనే చీటీలు కూడా అక్కడి నుంచే వచ్చాయి. వాటి మూలంగా ఒక గొప్ప సౌకర్యం ఏర్పడింది. వారం వారం పెద్ద ఊరి సూపర్ మార్కెట్ వాకిట కారు ఎక్కడ ఆపామో మరచిపోయినవారు, ఆ చీటీల వరుస వెంబడి నడిస్తే తమ ఊరివారి మధ్యకు చేరుకునేవారు. ఉద్యమం ఊరి ఎల్లలు దాటి వ్యాపించినదని అధ్యక్షులు ప్రకటించారు.

ఇంత ఉద్యమం నడవాలంటే నిధి కావాలి. నిధికి లాటరీలు కావాలి, లాటరీలకు బహుమతులు కావాలి. పబ్బులో గురువారం లాటరీ, బౌలింగ్ క్లబ్బులో శుక్రవారం లాటరీ, అగ్నిమాపక దళం వారిది, బడి వారిది, చర్చి వారిది. అన్నీ దుకాణాలను ఆదుకొనడానికే. ఊరి దుకాణాలను ఆదుకొనే లాటరీలకు బహుమతులను ఊరి దుకాణాల నుంచి కాక మరెక్కడి నుంచి తేవాలి? సూపర్ మార్కెట్ వారిని అడగడం అపచారం కాదా? కనుక క్లెమ్ తన మంచి మాంసం ముక్కలు పళ్లేలకు పళ్లేలు సమర్పించుకున్నాడు. మావిస్ రొట్టెలు, పైలు, పండగ కేకులు సమర్పించుకుంది. గెలుచుకున్నవారు ఆ వారమంతా రొట్టెకు గాని మాంసానికి గాని దుకాణం వైపు రావలసిన అవసరం లేకపోయింది.

"వీళ్ల ప్రేమ చూస్తే భయమేస్తోందే," అన్నాడు క్లెమ్. "ఇంకొంచెం గట్టిగా కౌగిలించుకున్నారంటే ఊపిరాగి చస్తాం."

"ఊరుకోరా, పాపం మంచికే చేస్తున్నారు," అంది మావిస్.

అది నిజం. ఆ ఊళ్లో ఎవరి మనస్సులోనూ రవంత చెడు లేదు. చెడ్డవాళ్లైతే ఆమె ఏదో ఒక మాట అని ఉండేది; మంచివాళ్లను ఎదిరించే శాస్త్రం ఇంతవరకు ఎవరూ రాయలేదు.

మంచితనానికి పరాకాష్ఠ మహిళా సంఘం రూపంలో వచ్చింది. కార్యదర్శిని గ్వెండా పాస్కో చేతి స్పాంజి కేకు దూది కంటె తేలిక అని ప్రతీతి. ఆపద వచ్చినప్పుడు కేకులు చేసి వీధిలో అమ్మి, వచ్చిన సొమ్ముతో ఆదుకొనడం ఆ సంఘానికి తరతరాల సంప్రదాయం. యుద్ధాలప్పుడు చేశారు, కార్చిచ్చులప్పుడు చేశారు. ఇప్పుడు రొట్టెలు కాల్చే మావిస్‌కు ఆపద వచ్చింది. కనుక ఊళ్లోని ఆడవారందరూ ఇళ్లలో పొయ్యిలు రాజేసి, కేకులు, బన్నుల్లాంటి స్కోన్లు, కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్లు గంపలకొద్దీ చేసి, శనివారం ఉదయం మావిస్‌ను రక్షించడానికి అమ్మడం మొదలుపెట్టారు. అమ్మకానికి చోటు మావిస్ దుకాణం ముందరి అరుగు.

"నీ కోసమే తల్లీ ఇదంతా," అంది గ్వెండా. "నీ కొట్టు ముందైతే చూరు నీడ బావుంటుంది. ఆ బల్లలు రెండు బయటికి లాగిస్తావా? టీకి వేణ్నీళ్లు కూడా నీ దగ్గరే పట్టుకుంటాం."

మావిస్ బల్లలు లాగించింది, నీళ్లు కాచింది, తట్టలు అరువిచ్చింది. ఊరంతా కదిలి వచ్చింది. శనివారం ఒక్కరోజు గిరాకీతో వారమంతా నెట్టుకొచ్చే దుకాణం గుమ్మానికి అడ్డంగా, ఆ దుకాణాన్ని రక్షించేవారి వరుస వీధి మలుపు దాకా సాగింది. దారిన పోయే లారీ డ్రైవరు ఒకడు పై కొనుక్కుందామని లోపలికి రాబోగా, వరుస తప్పుతున్నాడని జనం కేకలేసి వెనక్కి పంపారు. ఆ విధంగా ప్రతి శనివారం జరిగింది. ఇంటింటా కేకులు మిగిలిపోగా, ఆది సోమవారాలలో కూడా ఎవరికీ రొట్టె అక్కర్లేకపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం, బల్లలు తుడుస్తున్న గ్వెండా పక్కన నిలబడి మావిస్ గొంతు సవరించుకుంది. తన గాజు అలమారాలో పొద్దుటి రొట్టెలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"గ్వెండా, ఈ శనివారాలున్నాయి చూడు..."

"ఏంటి తల్లీ? అలిసిపోయావా?"

గ్వెండా మొహం తెల్లవారుజామున లేచినందువల్ల పీక్కుపోయి ఉన్నది. ముంజేతి మీద పొయ్యి తగిలి కాలిన మచ్చ. మావిస్ ఆ మచ్చ వైపు చూసింది. "అబ్బే, ఏంలేదు. పర్లేదు," అని, మిగిలిపోయిన స్పాంజి కేకు ఒకటి కొనుక్కుంది. చివరికి మావిస్ కూడా ఉద్యమానికి చేయూతనిచ్చినదని గ్వెండా ఆ వారం సంఘ పత్రికలో ఆనందబాష్పాలతో రాసింది.

నిధి పుష్కలంగా పోగుపడింది. దానిని ఏమి చేయాలన్న చర్చలో, మావిస్‌కు ఇవ్వవచ్చు కదా అని వెనుక వరుస నుంచి క్లెమ్ అడిగినట్టు మినిట్సు పుస్తకంలో ఉన్నది. చందా వద్దని ఆమె ఆనాడే నిండుసభలో చెప్పినదనీ, ఆ ఆత్మాభిమానాన్ని అవమానించే హక్కు ఎవరికీ లేదనీ అధ్యక్షులు గుర్తుచేయగా, క్లెమ్ సిగ్గుపడవలసి వచ్చింది. అప్పుడు అధ్యక్షులు తమ హృదయం విప్పారు. పక్క ఊరికి పెద్ద గొర్రె విగ్రహం ఉన్నది. దాని అవతలి ఊరికి పెద్ద ఉల్లిగడ్డ ఉన్నది. బస్సులలో జనం వచ్చి వాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. టాలన్‌బిల్లాకు ఏమున్నది? మావిస్ వాక్యం ఉన్నది. ఆ వాక్యానికి ఆకారం కావాలి. పెద్ద రొట్టె కావాలి.

ఫైబర్ గ్లాసుతో దానిని పోత పోయించే పని కూడా చవకను బట్టి సముద్రాల అవతలి వారికే అప్పగించారు.

చలికాలం చివర మావిస్ అధ్యక్షుల ఇంటి గుమ్మం ఎక్కింది. "డెస్, ఈ నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నా," అని చెప్పింది. ఆచారం ప్రకారం ముందు వాన గురించి మాట్లాడకుండా, నేరుగా.

అధ్యక్షుల మొహంలో నెత్తురు చుక్క లేదు. "రొట్టె వచ్చే నెల మొదటి వారంలో దిగుతుంది," అన్నారు. "నువ్వే ఆవిష్కరించాలి. అప్పటిదాకా ఓపిక పట్టలేవా?"

మావిస్ మర్యాదస్తురాలు. ఓపిక పట్టింది.

ఆవిష్కరణ నాడు నది ఒడ్డున మెరక మీద, మెరిసే గోధుమ రంగుతో, పైన మూడు గాట్లతో, పెద్ద రొట్టె లేచి నిలిచింది. బనీన్లు తొడుక్కున్న ఊరంతా చుట్టూ చేరింది. "ఇది పాసిపోదు!" అని అధ్యక్షులు గర్జించారు. "బూజు పట్టదు! ఎండిపోదు! మన తాతలు కాల్చిన రొట్టెలు మరునాటికే గట్టిపడేవి. మనం నిలబెట్టిన రొట్టె మన మునిమనుమల కాలానికి కూడా ఇలాగే మెత్తగా కనిపిస్తుంది!" మావిస్ పట్టుదారం కత్తిరించింది. అనంతరం ఆమెకు వీడ్కోలు విందు. అందరూ పళ్లాలు తెచ్చారు. విందు ముగిశాక ఆమె ఒంటరిగా దుకాణానికి వెళ్లి, పొయ్యిలోని నిప్పులను చీపురుతో ఒక మూలకు ఊడ్చి, ఇటుకలు చల్లబడే దాకా వాటి మీద చెయ్యి ఆనించి కూర్చుంది. అవి చల్లబడడానికి చాలా సమయం పట్టింది. ఆ పని అంతకుముందు వాటికి అలవాటు లేదు.

బతకాలి గనుక మావిస్ పెద్ద ఊళ్లో ఒక గది తీసుకుని, సూపర్ మార్కెట్ రొట్టెల విభాగంలో పనికి కుదిరింది. రాజధాని నుంచి గడ్డకట్టి వచ్చిన పిండిముద్దలను యంత్రంలో పెట్టి తీయడమే పని. తల మీద వల, రొమ్ము మీద పేరుబిళ్ల. టాలన్‌బిల్లా వారందరినీ ఆమె అక్కడే మళ్లీ కలుసుకుంది. నువ్వు లేక ఊరు బోసిపోయిందని చెప్పనివారు లేరు. ఒకనాడు నిండిన బండిని తోసుకుంటూ వచ్చిన అధ్యక్షులు ఆమెను చూసి నిలువునా కొయ్యబారిపోయారు.

"నిన్నిక్కడ చూస్తాననుకోలేదు మావిస్. సొంత ఊరొదిలి వీళ్లకి పనిచేస్తావా? ఊరి మీద అభిమానం నీకే లేకపోతే ఇంకెవరికుంటుంది చెప్పు?"

మావిస్ ఆయన బండిలోని రొట్టెను అందుకుంది. "ముక్కలు కోసివ్వనా, డెస్? సన్నగానా, మందంగానా?"

సన్నగా కోయమన్నారు.

మరుసటి శరత్కాలంలో క్లెమ్ కోరుకున్న వరద వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. తాత్కాలిక వంతెన కూడా మునిగింది. ఊళ్లోకి నీరు చేరగా, జనమంతా మెరక మీద పెద్ద రొట్టె నీడలో తలదాచుకున్నారు. అది వానకు బాగానే అడ్డుపడింది. రెండవ నాటికి తెచ్చుకున్న పళ్లాలు ఖాళీ అయ్యాయి. పిల్లలు కొందరు రొట్టె గోడను తట్టి చూశారు. లోపల బోలు, డప్పులా మోగింది.

అవతలి ఒడ్డున పెద్ద ఊరికి రాజధాని దారి తెగి, పిండిముద్దల లారీలు రాలేదు. సూపర్ మార్కెట్ మేనేజరు చేతులెత్తేయగా, మావిస్ గిడ్డంగిలో పిండి బస్తాలు విప్పించి, తల మీది వల తీసి పక్కన పెట్టి, తండ్రి నేర్పిన వాటంగా చేతులతో కలిపింది. తెల్లవారేసరికి గుండ్రని రొట్టెలు అట్టపెట్టెలకెక్కాయి. సహాయక దళం వారి పడవ వాటిని నది దాటించింది. ప్రతి రొట్టె మీద సూపర్ మార్కెట్ కాగితం చుట్టి ఉన్నది.

వేడి రొట్టె చేతికి అందగానే కళ్లు చెమర్చనివారు లేరు. క్లెమ్ ఒక ముక్క కొరికి, నమలడం ఆపి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మావిస్ రొట్టె," అన్నాడు.

"నీ మొహం," అన్నారు అధ్యక్షులు నిండిన నోటితో. "మావిస్ మంచిదే, కాదనను. కానీ దాని రొట్టె ఏనాడైనా ఇంత బావుందా? అందుకేనయ్యా మేం అంత దూరం వెళ్లేది."

క్లెమ్ ముక్కను నోట్లో చాలాసేపు ఉంచుకున్నాడు.

నీరు తీశాక, ఇంత చేసినా ఊరి దుకాణాలు ఎందుకు నిలవడం లేదో విచారించడానికి ఒక ఉపసంఘాన్ని నియమించారు. మొదటి సమావేశం వచ్చే శనివారం, పెద్ద రొట్టె కింద. ఇటువంటి సమస్య మీద మీకు కూడా గట్టి అభిప్రాయాలు ఉండే ఉంటాయి గనుక తప్పక దయచేయండి. వచ్చేటప్పుడు ఒక పళ్లెం తెచ్చుకోవలెనని మనవి. అందులోది ఎక్కడ కొన్నారని మిమ్మల్ని ఎవరూ అడగరు.